బుట్ట కడిగిన నీళ్ళు

పిల్లలమడుగు చూడాలంటే ముందు కనక ఒప్పుకోవాలి. కనక ఒప్పుకోవడమంటే మాటలు కాదు. చెప్పులు ఎక్కడ విడవాలో, ఏ పక్క నుంచి దిగాలో, ఏ రాయి మీద కూర్చోవాలో, ఎంత గొంతుతో మాట్లాడాలో అన్నీ ఆవిడే చెబుతుంది. చుట్ట కాల్చకూడదు. ఉమ్మకూడదు. నీళ్ళలో కాలు పెట్టకూడదు సరే, నీడ కూడా పడకుండా కూర్చుంటే మంచిదంటుంది. మడుగు తల్లికి లేని మడి ఈవిడకు వచ్చిందని కింది ఊళ్ళవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. అలా నవ్వుకున్నవాళ్ళే వచ్చినప్పుడు నోరు మూసుకుని ఆవిడ చూపించిన రాయి మీద కూర్చునేవాళ్ళు.

అరకు లోయ దాటి పడమటి కొండల్లోకి పోతే ఆ ఏరు తగులుతుంది. వానాకాలంలో మనిషిని కొట్టుకుపోయే ఏరు వైశాఖం వచ్చేసరికి మేక గిట్టలు తడవనంత అయిపోతుంది. నీళ్ళు తగ్గే కొద్దీ ఏటిలోని చేపలన్నీ ఎదురీదుకుంటూ పోయి, కొండ ధార కింద ఉన్న ఆ ఒక్క మడుగులో చేరి తలదాచుకుంటాయి. తొలకరి వరదకు మడుగు పొర్లినప్పుడు పిల్లాపాపలతో మళ్ళీ కిందికి దిగుతాయి. ఏటి ఒడ్డున ఉన్న ఐదు ఊళ్ళకూ వానాకాలమంతా కూర అదే. అందుకని ఎండాకాలం మూడు నెలలూ మడుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ మూడు నెలలూ అందులో ఉన్నవి చేపలు కావు, తల్లి పిల్లలు.

వాటికి కాపలా ఒక్క ఇంటిది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు గానీ మెట్టినవాళ్ళు గానీ గాలం పట్టకూడదు, వల అల్లకూడదు. మిగతా వాగుల్లో చేపలకు మత్తెక్కించడానికి జనం మంగకాయలు దంచి కలుపుతారు కదా, ఆ కాయలను చేత్తో తాకనే కూడదు. కనక పదమూడో ఏట సోంబరును చేసుకుని ఆ గుమ్మం తొక్కింది. ఆవిడ పుట్టింటి ఊరికి వాగు లేదు, ఇక్కడికి వచ్చాక మంగకాయ దంచడం ఎలా ఉంటుందో ఆవిడ కళ్ళతో చూసి ఎరగదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొత్తమనిషిని మడుగు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు కాపరి దోసెడు నీళ్ళు తాగి, ఈ మనిషి చేసింది నేను చేసినట్టే అని పూచీ పడాలి. వచ్చినవాడు తప్పు చేస్తే శిక్ష వాడికి కాదు, కాపరికి.

సోంబరు మూడేళ్ళ కిందట చలిజ్వరంతో పోయాడు. కొడుకులు లేరు. మడుగు కాపు అతని తమ్ముడు మంగ్లుకు రావాలి గానీ, మంగ్లు అప్పటికే ఊరి పెద్ద. రెండు పెత్తనాలు ఒక చేతిలో ఎందుకని ముసలివాళ్ళు అడ్డుపడి, అందాకా కనకనే ఉండమన్నారు. ఆడమనిషి కాపలా ఏమిటని మంగ్లు గొణిగాడు. "సరే, ఉండమనండి. ఒక్క పిల్ల సచ్చినా ఆ రోజే దిగిపోవాల" అన్నాడు అందరి ముందూ. దిగిపోతే కనక వెళ్ళేది ఎక్కడికో కాదు, మంగ్లు ఇంటి వెనక పంచకే. అతని ఇద్దరు పెళ్ళాలకు చోళ్ళు విసురుతూ, వాళ్ళు తిన్నాక మిగిలింది తింటూ బతకాలి. సోంబరు మేనత్త ఒకామె ఆ పంచలోనే ముసలిదై పోయింది. ఆమెను చివరి రోజుల్లో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కనక ఆ పంచను తలుచుకున్నప్పుడల్లా మడుగు కట్టుబాట్లు ఇంకాస్త బిగించేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు సగానికి సగం తగ్గింది. మడుగు దిగువన కాలవ పొడి ఇసుకయిపోయింది. ధార ఉన్న చోట రాతి మీద ఒక తడి చార, దాని మీద చిటికెన వేలంత నీరు. మడుగులో చేపలు ఒకదాని మీద ఒకటి పడి తిరుగుతూ ఉండేవి. కనక రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకునేది.

సర్వేశ్వరరావు వచ్చింది ఆ వైశాఖంలోనే. ఆయనది విజయనగరం. సర్కారువారి చేపల శాఖలో ఉద్యోగం, ఏ వాగులో ఏ చేప ఉందో చూసి రాసుకోవడం ఆయన పని. మన్యంలో తిరుగుబాటు, ఆ పితూరీ, అణిగి రెండేళ్ళయినా, ఖాకీ టోపీ కనిపిస్తే ఊరు ఊరంతా అడవిలోకి పరుగెత్తే రోజులవి. ఆయన గుర్రం దిగేసరికి ఊళ్ళో మంగ్లూ కనకా ఇద్దరు ముసలివాళ్ళూ తప్ప ఎవరూ లేరు. వెనక కావడి మోస్తూ వచ్చినవాడు గాసి. వాడు పరాయివాడు కాదు. ఏటి దిగువన ఐదు ఊళ్ళలో ఆఖరి ఊరు వాడిది.

"అమ్మా, మడుగుకు కాపరి మీరేనట. మీ ఆచారం ఏమిటో చెప్పండి, నేను అలాగే నడుచుకుంటాను. చూడకూడదంటే వెనక్కి పోతాను" అన్నాడు సర్వేశ్వరరావు.

కనక నలభై ఏడేళ్ళ బతుకులో ఖాకీ వేసుకున్న ఏ మనిషీ ఆవిడను మీరు అనలేదు. ఫారెస్టు గార్డు ఒసే అంటాడు. పోలీసులు ఏమంటారో రాయడానికి వీల్లేదు. ఈయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, పెన్సిలు తీసి, బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. కనకకు ఒళ్ళు పొంగిపోయింది. ఎందుకు పొంగకూడదు? మూడేళ్ళుగా సొంతవాళ్ళే ఆవిడను కాపరి అని నోరారా అనలేదు.

దోసెడు నీళ్ళు తాగింది. దొరకు పూచీ పడింది. కూలివాడి సంగతి ఆవిడకు తట్టనే లేదు, కూలివాళ్ళకు ఎవరూ ఎప్పుడూ పూచీ పడలేదు. ఆ తర్వాత ఒక్కొక్క కట్టుబాటే చెప్పుకొచ్చింది. ఆయన ఒక్కొక్కటే రాసుకున్నాడు. అలా చెబుతూ చెబుతూ గాసి కావడి దగ్గరికి వచ్చింది.

వేరే వాగుల్లో తిరిగిన బుట్ట మడుగు ఛాయలకు రావాలంటే పారే నీళ్ళలో మూడు మార్లు కడగాలి. సోంబరు ఉన్నప్పుడు మడుగు దిగువ కాలవలో కడిగించేవాడు. ఇప్పుడా కాలవలో నీళ్ళు లేవు.

"పైన ఊట కాడ కడిగి తేరా గాసీ" అంది కనక.

గాసి కదల్లేదు. "అడుగున కదా అప్పా కడిగేది?"

"అడుగున నీళ్ళు యాడున్నాయి, నీ కళ్ళకి కనపడతన్నాయేటి?"

"పోనీ బుట్టలు ఇక్కడే వొదిలేత్తాను. బాబుగారి సామాను సేతుల్తో మోసుకొత్తాను."

అది తెలివైన మాట. దొర పెన్సిలు పట్టుకుని అంత శ్రద్ధగా చూస్తూ ఉండకపోతే కనక కూడా సరేననేదేమో. ఆవిడకు మాత్రం ఆ వేళ తన మడుగు మర్యాద ఒక్క వీసమెత్తు తగ్గకుండా ఆయన కళ్ళ ముందు జరిగిపోవాలి. "ఇంతదూరం వొచ్చిన బుట్ట కడక్కుండా ఎనక్కి ఎల్లకూడదు. బేగి కడుగు" అంది.

గాసి దొర వంక చూశాడు. ఎనిమిది రోజుల కింద ఆ బుట్టల్లోనే వాడు మంగకాయ తొక్కు మోసి, కొండ అవతల వాగులో చేపలకు మందు కలిపాడు. రిజర్వు అడవిలో నీళ్ళకు మందు కలిపితే జైలు. ఆ మాట దొర ముందు ఎలా చెబుతాడు? అల్లిక సందుల్లో ఎండి అట్టలు కట్టిన తొక్కు ఏ మాత్రం ఉంటుందిలే అనుకున్నాడు. బుట్టలు తీసుకుని ధార పైకి ఎక్కాడు.

కనక వెనకే ఎక్కి దగ్గరుండి కడిగించింది. వాడు ఊరికే ముంచి తీస్తే ఒప్పుకోలేదు. ఇసక వేసి తోమమంది. తోమేసరికి కుంకుడు పులుసులా తెల్లటి నురగ పొంగింది. "ఎన్నాల్ల మురికిరా ఇది" అని ముక్కు చిట్లించి, ఇంకా తోమమంది. ఆ నురగ ఏమిటో కొండల్లో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. కనక ఒక్కదానికే తెలియదు. నురగ రాతి మీద తడి చార వెంబడి మెల్లగా మడుగులోకి దిగింది.

మడుగు దగ్గర సర్వేశ్వరరావు అరగంట కూర్చున్నాడు. చెప్పిన రాయి మీదే కూర్చున్నాడు. నూకలు చల్లితే మోచెయ్యంత చేపలు వచ్చి నోళ్ళు తెరిచాయి. తర్వాత మెల్లగా, ఏడు వాగులు చూసి వస్తున్నానమ్మా, అన్నీ ఖాళీ, ఇది ఒక్కటే నిండుగా ఉంది, ఇదంతా మీ చలవే అన్నాడు. నిజంగా మంచివాడు. నీటిని వేలితో కూడా తాకలేదు. ఎండెక్కే ముందే ఇంకో మనిషిని తోడు తీసుకుని, ఆరు మైళ్ళ అవతల బంగళాకు గుర్రం మీద వెళ్ళిపోయాడు. బుట్టలు ఆరాక సామాను సర్దుకుని వెనక రమ్మని గాసికి చెప్పాడు.

కనక ఇంటికి వచ్చి అంబలి తాగి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. లేచేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. మడుగు వైపు నడుస్తూంటే కాకుల అరుపు వినిపించింది. అన్ని కాకులు అక్కడికి ఎందుకు వచ్చాయో ఆవిడకు అర్థం కాలేదు.

మడుగు తెల్లగా ఉంది. ముందు ఎండ తళుకు అనుకుంది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అవి పొట్టలు. పెద్దవీ చిన్నవీ అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. కొన్నింటికి ఇంకా ప్రాణం ఉంది, నోళ్ళు తెరుచుకుని నీటి అంచున గుండ్రంగా తిరుగుతున్నాయి. కనక ఒక్క గావుకేక పెట్టింది. ఎవరూ కాలు పెట్టకూడని ఆ నీళ్ళలోకి మోకాటి లోతు దిగిపోయి, బతికున్నవాటిని చీర కొంగులో ఎత్తి, పైన ఊట గుంటలో వెయ్యడానికి ధార ఎక్కింది. గుంటలో వేసిన చేప రెండుసార్లు కొట్టుకుని పక్కకు ఒరిగింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆవిడకే తెలియదు. ఊరు వచ్చేసరికి ఒళ్ళంతా పొలుసులతో, గుంట పక్కన కూలబడి ఉంది.

ముసలివాళ్ళలో ఒకడు గుంటలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న గోధుమరంగు పిప్పి తీశాడు. వాసన చూశాడు. "మంగకాయ" అన్నాడు.

కనకకు అప్పుడు నురగ గుర్తొచ్చింది.

గాసిని పట్టుకురావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాడు ఊళ్ళోనే ఆరిన బుట్టల్లో దొర సామాను సర్దుకుంటున్నాడు. మడుగును చూడగానే వాడి మొహంలో నెత్తురు లేదు. పారిపోవడానికి కూడా చూడలేదు. మోకాళ్ళ మీద పడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మందు కలిపిన బుట్టలే అన్నాడు, దొర ముందు చెప్పడానికి భయమేసిందన్నాడు. "నానైతే వొద్దనే అన్నాను. అప్ప పైన కడగమంటే కడిగినాను" అన్నాడు.

నలభై మంది ఉన్నారక్కడ. అందరూ కనక వైపు తిరిగారు.

"పైన కడగమని నువ్వు సెప్పినావా వొదినా?" అని అడిగాడు మంగ్లు. అతని గొంతులో వెటకారం లేదు, కోపం కూడా లేదు. ఊరి పెద్ద అడగవలసిన మాట అడిగాడంతే. "పైన కడిగితే మడుగులోకి వొత్తాదని మన గుంటపిల్లలకి కూడా తెలుసు. నువ్వే సెప్పినావా?"

చెప్పినానంటే ఆ రోజుతో సరి. కనకకు మంగ్లు ఇంటి వెనక పంచ కళ్ళకు కట్టింది. విసుర్రాయి, దాని పక్కన చాప. అంతకన్నా మించి, సోంబరు తాతల కాలం నుంచి నిలిచినదాన్ని తన చేత్తో చంపానని నలభై మంది ముందు అనడానికి ఆవిడకు నోరు లేవలేదు. ఎదురుగా గాసి ఆవిడనే చూస్తున్నాడు. వాడి చూపులో భయం ఉంది గానీ అనుమానం లేదు. అప్ప అబద్ధం ఆడుతుందని వాడికి తోచనే లేదు.

"నేదు" అంది కనక. "నాను సెప్పనేదు."

"అప్పా!" అన్నాడు గాసి.

"దొరకే పూచీ పడినాను. ఈడికి పడనేదు" అంది మళ్ళీ, ఎవరూ అడగకుండానే.

ఆ మాట అందరికీ అక్కరకు వచ్చింది. దొర జోలికి పోతే పోలీసులు వస్తారు, ఊరు తగలబడుతుంది. కాపరి తప్పు అయితే ఊరి తప్పే. గాసి ఒక్కడి మీదైతే ఏ చిక్కూ లేదు. బుట్ట కడిగిన చెయ్యి ఏదని అడిగారు. కుడిచెయ్యి రాతి మీద పెట్టి, ఇద్దరు పట్టుకుంటే, మూడోవాడు రోకలి ఎత్తాడు. కనక తల తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఎవరైనా చూస్తారని భయపడింది. వాడి అరుపు మాత్రం ఆవిడ అనుకున్నంత పెద్దగా లేదు, రెండో దెబ్బకే ఆగిపోయింది.

మంగ్లు తీర్పు చెప్పాడు. గాసి ఊరివాళ్ళు తప్పు కట్టుకోవాలి. మేకా, కుంచెడు సామలూ, జీలుగు కల్లూ తెచ్చి మడుగు దగ్గర రెండు ఊళ్ళకూ విందు పెట్టాలి. ఆ విందులో కాపరి మొదటి ముద్ద తింటేనే తప్పు తీరినట్టు. అంతవరకూ ఆ ఊరివాళ్ళు ఈ ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలమల్లో కడవ ముంచడానికి వీల్లేదు. కూలివాడికి జ్వరమొచ్చి ఇంటికి పోయాడని దొరకు కబురు పెట్టి, సామాను వేరేవాడి చేత పంపించారు.

మడుగు చేపలను తినకూడదు. అవి అక్కడే కుళ్ళాయి. ఆ వాసన ఊళ్ళోకి వచ్చింది, అంబలిలోకి వచ్చింది, నిద్రలోకి వచ్చింది. కనక రోజూ పొద్దున్నే లేచి మడుగు దగ్గరికి పోయి కూర్చునేది. కాపలా కాయడానికి అక్కడ ఈగలు తప్ప ఏమీ లేవు. అయినా కూర్చునేది, ఇంకేం చెయ్యాలో తెలియక.

పదో రోజున ఫారెస్టు గార్డు ఒక ఉత్తరం తెచ్చాడు. సర్వేశ్వరరావు రాసినది. మంగ్లు గుమ్మంలో నిలబడి గార్డు దాన్ని మంగ్లుకూ కనకకూ చదివి వినిపించాడు. మీ మడుగును గురించి పైవారికి రాశాను అన్నాడాయన. కాపరి కనకమ్మగారి వంటి మనిషి ప్రతి వాగుకూ ఉండాలన్నాడు. "మా కూలివాడు బుట్టలు కడగనని ఎంత మొరాయించినా ఒప్పుకోక, ధార పైన తాను స్వయంగా నిలబడి, ఇసుకతో తోమించి మరీ కడిగించారు. ఆ నిష్ఠ నేను మరువలేను" అని కూడా రాశాడు. ఆఖర్న గాసికి జ్వరం నెమ్మదించిందా అని అడిగాడు. గార్డుకు ఇదేమీ పట్టలేదు. ఉత్తరం మంగ్లు చేతిలో పెట్టి, కల్లు ఉందా అని అడిగి, తాగి వెళ్ళిపోయాడు.

మంగ్లు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కనక గోడకు ఆనుకుని నిలబడింది. చిత్రంగా ఆవిడకు గుండెలో బరువు దిగినట్టయింది. ఇక దాచేది ఏమీ లేదు.

"నిజవే. నానే కడగమన్నాను" అంది. "కాపు నువ్వు తీసుకో మంగ్లూ. నాను నీ పంచలో పడుంటాను. ఆ గాసిగాడి ఊరు పోయి, ఆడి తప్పు నేదని సెప్పేయి."

"సెప్పి?" అన్నాడు మంగ్లు. "తప్పు సెయ్యనోడి సెయ్యి ఇరగ్గొట్టినామని సెప్పాలా? ఆల్ల ఊల్లో ముప్పై ఇల్లులున్నాయి. ఆ రాత్రికే గొడ్డల్లు తీసుకుని వొత్తారు. మనోల్లు ఊరుకుంతారా? తలకాయలు లెగుత్తాయి. ఆ ఎనకాల పోలీసులు దిగుతారు. మల్లీ పితూరీ అంతారు."

"మరేటి సెయ్యమంతావు?"

"ఏటీ సెయ్యకు. నువ్వు నేదన్నావు. నేదన్న మాటే ఉండాల. కాపు నీదే. సచ్చేదాకా నీదే." ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలోకి తోశాడు. తర్వాత కాస్త మెత్తగా, "ఎల్లుండి ఆల్లు తప్పు కట్టుకోడానికి వొత్తన్నారు. తలకి నూనె రాసుకుని రా వొదినా" అన్నాడు.

ఏ కాపు పోతుందని ఆ అబద్ధం ఆడిందో ఆ కాపును ఇప్పుడు వదిలించుకుందామన్నా వదలదని కనకకు అర్థమైంది. ఏడుద్దామనుకుంది, ఏడుపు రాలేదు. ఇంటికి పోయి చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చుంది.

గాసి ఊరివాళ్ళు ఎల్లుండి పొద్దున్నే వచ్చారు. మగవాళ్ళు మేకనూ సామల మూటలనూ తెచ్చారు. ఆడవాళ్ళు పదిహేను మంది ఖాళీ కడవలు చంకన పెట్టుకుని వచ్చారు. గాసి రాలేదు. వాడి పెళ్ళాం గంగ మేక తాడు పట్టుకుని ముందు నడిచింది. పాతికేళ్ళుంటాయి, పెదవులు ఎండి చీలి ఉన్నాయి. వాడి చెయ్యి మోచేతి దాకా నల్లబడిందని, ఇక గొడ్డలి పట్టలేడని ఎవరో పక్కన చెప్పుకుంటూంటే కనక విన్నది.

మేకను కోశారు. వండారు. రెండు ఊళ్ళూ ఎదురెదురు వరసలుగా కూర్చున్నాయి. అడ్డాకుల్లో సామన్నం, పైన మాంసం పులుసు. మేక తలకాయ కాపరి వాటా అని కనక ముందు పెట్టారు. మంగ్లు లేచి, తప్పు చేసినవాళ్ళు తప్పు కట్టారు, కాపరి ముద్ద తింటే తీరిపోతుంది అన్నాడు.

కనక చెయ్యి ఆకు మీద ఉంది. లేవడం లేదు. రెండు వరసలూ ఆవిడ వంకే చూస్తున్నాయి.

"నాను ఒక మాట సెప్పాల" అంది.

మంగ్లు దగ్గాడు. అవతలి వరసలోంచి గంగ లేచి వచ్చి, కనకకు ఎదురుగా, ఆకుకు అవతల గొంతుక్కూర్చుంది. ఇద్దరికీ మధ్య జానెడు దూరం. ఎవరికీ వినపడనంత మెల్లగా మాట్లాడింది.

"సెప్పకు."

"నీకు తెల్దు గంగా, ఆ రోజు నానే..."

"తెలుసు. ఆ రోజే సెప్పినాడు మా ఆయన. నా ఒక్కదానికే సెప్పినాడు. నాను నమ్మినాను." గంగ కళ్ళలో నీళ్ళు లేవు. "నువ్వు ఇప్పుడు సెప్పినావంటే మావోల్లు లెగుత్తారు, మీవోల్లు లెగుత్తారు. మా ఆయన సెయ్యి మల్లీ రాదు. పన్నెండు రోజులైంది మాకు సెలమలో నీల్లు నేక. నా గుంటపిల్ల గెడ్డలో బురద నీల్లు తాగి, మూడు రోజుల్నించి కక్కుతంది. నిన్నటేల నుంచి లెగడం నేదు."

"గంగా, నా వల్ల కాదు."

"నీ వల్ల కాకపోతే నా గుంట సత్తాది. నువ్వు మంచిదానివి అనిపించుకోడానికి నా గుంట సావక్కర్నేదు. తిను."

కనక ముద్ద కలిపింది. మెతుకులు జారిపడ్డాయి. మళ్ళీ కలిపి నోట్లో పెట్టుకుంది. నమలలేకపోయింది, నోరు ఎండిపోయి ముద్ద కదల్లేదు. గంగ పక్కనున్న దొప్పలో నీళ్ళు అందించింది. కనక ఆ నీళ్ళు తాగి ముద్ద మింగింది. అది గొంతు దిగేదాకా గంగ ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. దిగిందని చూసుకున్నాక లేచి నిలబడి, తమ ఊరి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"కడవలు ఎత్తండే" అంది.